హెల్ప్ టెక్స్ట్ నుంచి మ్యాన్ పేజీ: యంత్రానికి ఏం వదలాలి, మీరేం రాయాలి

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పేస్తాను. బ్యాకప్‌లు తీసే ఒక కమాండ్ లైన్ టూల్‌ను పైథాన్‌లో, ఆర్గ్‌పార్స్ (కమాండ్ ఆప్షన్లను చదివే లైబ్రరీ) వాడి రాశారు. అందులో పదకొండు సబ్‌కమాండ్‌లు ఉన్నాయి. దాన్ని డెబియన్ ప్యాకేజీగా కడుతుంటే మ్యాన్ పేజీ (టెర్మినల్‌లో మ్యాన్ కమాండ్‌తో చదివే మాన్యువల్) లేదని, ప్యాకేజీలో లోపాలు వెతికే లింటియన్ ప్రతిసారీ చెబుతోంది. మ్యాన్ పేజీలు రాసే రోఫ్ భాష నేర్చుకునేంత టైమ్ లేదు, హెల్ప్ ఆప్షన్‌లో అన్నీ రాసే ఉన్నాయి కదా, దాన్నుంచి పేజీ దానంతటదే తయారయ్యేలా చేయొచ్చా, ఏ టూల్ వాడాలి అని అడిగారు.

చేయొచ్చు, పది నిమిషాల పని. లింటియన్ ఆ మాట అనడం కూడా ఆపేస్తుంది. అయితే ఆ పేజీని ఎవరు తెరుస్తారో ఒకసారి ఆలోచించండి. రాత్రి రెండింటికి, బయటి నెట్‌కు దారిలేని సర్వర్ మీద, మీ టూల్‌ను ఇన్‌స్టాల్ చేసినవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాక, రిస్టోర్ ఎలా చేయాలో తెలియక కూర్చున్న మనిషి తెరుస్తాడు. హెల్ప్‌లో ఉన్నదే పేజీలోనూ ఉంటే అతనికి కొత్తగా దొరికేదేమీ లేదు, ఎందుకంటే హెల్ప్‌ను అతను అప్పటికే చూసి ఉంటాడు. ఇన్నేళ్లుగా ప్యాకేజీలు కడుతూ నేను నమ్మేది ఇది: ఆప్షన్ల జాబితాను పూర్తిగా యంత్రానికే వదిలేయండి, చేత్తో అసలు ముట్టుకోవద్దు. యంత్రానికి తెలిసే వీల్లేని నాలుగైదు సెక్షన్లను మాత్రం మీరే రాయండి. రెండింటినీ బిల్డ్ సమయంలో కలపండి. ఇక కింద రాసేదంతా దీన్ని ఎలా చేయాలన్నదే.

ముందు అందరూ చెప్పే టూల్ సంగతి చూద్దాం, హెల్ప్2మ్యాన్. బ్రెండన్ ఓడే రాసిన పర్ల్ స్క్రిప్ట్ అది. చేసే పని చాలా తేలిక: మీ ప్రోగ్రామ్‌ను ఒకసారి హెల్ప్ ఆప్షన్‌తో, ఒకసారి వెర్షన్ ఆప్షన్‌తో నడిపి, వచ్చిన అక్షరాలను చదివి, ఇది యూసేజ్ వరుస, ఇది ఆప్షన్, ఇది దాని వివరణ, ఇది కాపీరైట్ అని పోల్చుకుని రోఫ్‌లోకి మార్చి ఇస్తుంది. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. మీరు రోజూ వాడే ఎల్ఎస్, సీపీ, సార్ట్ లాంటి గ్నూ కోర్‌యుటిల్స్ కమాండ్ల పేజీలన్నీ దీనితో తయారైనవే. గ్నూ వాళ్లకు అసలు డాక్యుమెంటేషన్ టెక్స్‌ఇన్ఫోలో రాసే పెద్ద మాన్యువల్, మ్యాన్ పేజీ వాళ్ల దృష్టిలో రెండో స్థానంలోనే ఉంటుంది కాబట్టి అది హెల్ప్ నుంచి వస్తే వాళ్లకు చాలు. మీకు ఆ పెద్ద మాన్యువల్ లేదు, ఈ తేడా గుర్తుంచుకోండి, ఎందుకంటే దీనివల్లే మొదటి పొరపాటు జరుగుతుంది.

హెల్ప్2మ్యాన్‌ను ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే పేజీ చివర సీ ఆల్సో కింద, ఈ ప్రోగ్రామ్ పూర్తి డాక్యుమెంటేషన్ టెక్స్‌ఇన్ఫో మాన్యువల్‌గా ఉంది, ఇన్ఫో కమాండ్‌తో చూడండి అని తనే రాసేస్తుంది. మీ టూల్‌కు అలాంటి మాన్యువల్ లేదు. అయినా పేజీ ఉందని చెబుతుంది, చదివేవాడు నమ్మి ఇన్ఫో కొడతాడు, అతనికి మళ్లీ ఇదే పేజీ కనిపిస్తుంది. ఇలా లేని మాన్యువల్‌కు దారి చూపించే పేజీలు నేను ఎన్నో చూశాను, చూసిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఆపడానికి ఒక్క ఆప్షన్ చాలు: నో-ఇన్ఫో, పొట్టిగా అయితే పెద్ద ఎన్.

రెండోది పేరు వరుస. పేజీ మొదట్లో నేమ్ సెక్షన్‌లో ప్రోగ్రామ్ పేరు, ఒక గీత, ఒక్క వాక్యంలో అదేం చేస్తుందో ఉండాలి. హెల్ప్2మ్యాన్‌కు మీరు చెప్పకపోతే అక్కడ ఫలానా ప్రోగ్రామ్ ఫలానా వెర్షన్‌కు మాన్యువల్ పేజీ అని పెడుతుంది. ఏదో ఒకటి ఉందిలే అనిపిస్తుంది కానీ ఈ ఒక్క వరుస మీదే, మ్యాన్ పేజీలను పేరుతోనో మాటతోనో వెతికిపెట్టే వాటీజ్, అప్రోపోస్ అనే రెండు కమాండ్‌లు ఆధారపడి ఉన్నాయి. సర్వర్ మీద అప్రోపోస్ బ్యాకప్ అని కొట్టినవాడికి మీ టూల్ కనిపించాలంటే ఆ వరుసలో బ్యాకప్ అనే మాట ఉండాలి. టూల్ పేరే తెలియనివాడు దాన్ని వెతుక్కోగలిగే దారి ఇదొక్కటే, అందుకే దీనికి పది నిమిషాలు ఎక్కువ కేటాయించినా తప్పులేదు. నేమ్ అనే ఆప్షన్‌తో ఈ వాక్యాన్ని ఇవ్వొచ్చు. పేజీ తయారయ్యాక లెక్స్‌గ్రాగ్ అనే చిన్న కమాండ్‌ను దాని మీద నడిపితే, మ్యాన్ డేటాబేస్ ఆ వరుసను సరిగ్గా చదవగలుగుతోందో లేదో చెప్పేస్తుంది.

అలాగే సెక్షన్ నంబర్. చెప్పకపోతే 1 అనుకుంటుంది, అంటే మామూలు వాడుకరి కమాండ్‌లు. మీ టూల్‌ను రూట్‌గా అడ్మిన్‌లే నడిపేటట్టయితే 8 ఇవ్వండి, మ్యాన్8 ఫోల్డర్‌లోకి వెళ్లాలి. కాన్ఫిగ్ ఫైల్ ఫార్మాట్ గురించి రాయాల్సింది ఎక్కువ ఉంటే దానికి 5వ సెక్షన్‌లో వేరే పేజీ పెట్టండి, అది మాత్రం ఏ జనరేటరూ ఇవ్వదు.

ఇప్పుడు మీ విషయంలో అసలు ఇబ్బంది. హెల్ప్2మ్యాన్ చదివేది గ్నూ పద్ధతిలో రాసిన హెల్ప్‌ను. యూసేజ్ అనే మాట పెద్దక్షరంతో మొదలవ్వాలి, ఆప్షన్ వరుసలో కొంచెం ఖాళీ ఉండాలి, ఆప్షన్‌కూ వివరణకూ మధ్య కనీసం రెండు స్పేస్‌లు ఉండాలి, వివరణ రెండో వరుసలోకి వెళ్తే అదే నిలువు గీతలో కొనసాగాలి. ఆర్గ్‌పార్స్ యూసేజ్‌ను చిన్నక్షరంతో మొదలుపెడుతుంది. దాంతో సినాప్సిస్‌లోకి, అంటే కమాండ్ ఎలా కొట్టాలో చూపే సెక్షన్‌లోకి, వెళ్లాల్సిన వరుస డిస్క్రిప్షన్‌లో పడిపోయిన పేజీలు డెబియన్‌లో ఎన్నో కనిపిస్తాయి. ఇదొక్కటే అయితే సర్దుకోవచ్చు, కానీ ఆర్గ్‌పార్స్ ఇచ్చే రూపం పైథాన్ వెర్షన్‌తో పాటు మారుతూ వచ్చింది. 3.10లో ఆప్షనల్ ఆర్గ్యుమెంట్స్ అనే శీర్షిక పోయి ఆప్షన్స్ అయింది. 3.13లో పొట్టి ఆప్షన్‌కు, పొడుగు ఆప్షన్‌కు రెండుసార్లు విలువ పేరు రాసే పద్ధతి పోయి చివర ఒకసారే రాయడం మొదలైంది. 3.14లో హెల్ప్‌కు రంగులు వచ్చాయి. అవుట్‌పుట్ పైప్‌లోకి వెళ్తే రంగులు రావు, నిజమే, కానీ బిల్డ్ సర్వర్ మీద లాగ్‌లు అందంగా కనిపించాలని ఎవరైనా ఫోర్స్ కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఉంటే ఆ రంగుల కోడ్‌లన్నీ వచ్చి మీ మ్యాన్ పేజీలో కూర్చుంటాయి. వరుస ఎక్కడ విరగాలన్నది కూడా కాలమ్స్ అనే వేరియబుల్‌ను బట్టి మారుతుంది. హెల్ప్ అవుట్‌పుట్ మనిషి కన్ను చూడడానికి తయారైంది. దాన్ని యంత్రం మళ్లీ చదవడమంటే అచ్చు వేసిన పుస్తకాన్ని స్కాన్ చేసి టైపు చేయించుకోవడం లాంటిది, అసలు చేతిరాత ప్రతి మీ బీరువాలోనే ఉండగా.

ఆ అసలు ప్రతి మీ పార్సర్ ఆబ్జెక్ట్, అంటే కోడ్‌లో మీరు ఆర్గ్‌పార్స్‌కు ఆప్షన్లన్నీ చెప్పే చోటు. ఆప్షన్ పేర్లు, వివరణలు, డిఫాల్ట్‌లు, ఏ సబ్‌కమాండ్ కింద ఏముందో అన్నీ మెమరీలో విడివిడిగా, చక్కగా ఉన్నాయి. అందుకే మీకు నేను చెప్పేది హెల్ప్2మ్యాన్ కాదు, ఆర్గ్‌పార్స్-మ్యాన్‌పేజ్. దానికి మీ మాడ్యూల్ పేరు, పార్సర్‌ను తిరిగిచ్చే ఫంక్షన్ పేరు ఇస్తే చాలు, ప్రోగ్రామ్‌ను నడపకుండానే పార్సర్‌ను నేరుగా చదివి పేజీ రాస్తుంది. దీనికి మీరు కోడ్‌లో చేయాల్సిన మార్పు ఒక్కటే: పార్సర్‌ను మెయిన్ ఫంక్షన్ లోపల కట్టడం మానేసి, వేరే ఫంక్షన్‌లో కట్టి తిరిగివ్వండి. ఆ ఫంక్షన్ డేటాబేస్‌కు కనెక్ట్ అవడం, కాన్ఫిగ్ ఫైల్ తెరవడం లాంటివేవీ చేయకూడదు, బిల్డ్ మెషిన్ మీద అవేవీ ఉండవు. ఆ మార్పు మీ టెస్ట్‌లకు కూడా మేలే.

మిగతా భాషల్లో రాసేవాళ్లకు రెండు ముక్కలు. పైథాన్‌లోనే క్లిక్ వాడితే క్లిక్-మ్యాన్ ఉంది. రస్ట్‌లో క్లాప్ వాడితే క్లాప్-మ్యాన్‌జెన్, గో భాషలో కోబ్రా వాడితే దాని డాక్ ప్యాకేజీలోనే మ్యాన్ పేజీలు రాసే ఫంక్షన్ ఉంది, సబ్‌కమాండ్‌కు ఒక పేజీ చొప్పున మొత్తం చెట్టంతా రాసేస్తుంది. పర్ల్‌లో అయితే డాక్యుమెంటేషన్ కోడ్‌తో పాటే పాడ్‌లో రాస్తారు, పాడ్2మ్యాన్ మారుస్తుంది. సీ ప్లస్ ప్లస్ లోనో షెల్‌లోనో రాసి, పార్సర్ లైబ్రరీ ఏదీ వాడనివాళ్లకు మాత్రం హెల్ప్2మ్యానే మంచి దారి, హెల్ప్‌ను గ్నూ పద్ధతిలో రాసుకుంటే చాలు. వాళ్లకు ఇంకొక్క మాట: హెల్ప్2మ్యాన్‌కు ప్రోగ్రామ్ నడవాలి కాబట్టి ఆర్మ్ బోర్డు కోసం వేరే మెషిన్ మీద కంపైల్ చేస్తుంటే అది పనిచేయదు. కోర్‌యుటిల్స్ అలాంటప్పుడు అసలు పేజీ బదులు ఒక ఉత్తుత్తి పేజీ పెడుతుంది. అంతకన్నా, రిలీజ్ టార్‌బాల్‌లోనే తయారైన పేజీని చేర్చి పంపడం మేలని నా అభిప్రాయం.

పదకొండు సబ్‌కమాండ్‌లను ఒకే పేజీలో పెట్టాలా, విడివిడిగా పెట్టాలా అన్నది మీరు అడగలేదు కానీ రేపు అడుగుతారు. గిట్ పద్ధతిలో విడివిడిగా పెడితే ప్రతిదానికీ పేరు వరుస ఉంటుంది, అప్రోపోస్‌లో విడిగా దొరుకుతుంది, రిస్టోర్ గురించి కావాల్సినవాడు స్నాప్‌షాట్ ఆప్షన్లన్నీ దాటుకుంటూ పోనక్కర్లేదు. ఒక్కో సబ్‌కమాండ్‌కు రెండు మూడు ఆప్షన్లే ఉంటే మాత్రం ఒకే పేజీ చాలు, మ్యాన్ చదువుతూ స్లాష్ కొట్టి వెతుక్కోవడం అందరికీ అలవాటే. మీది బ్యాకప్ టూల్ కాబట్టి నేనైతే రిస్టోర్‌ను విడిగా పెడతాను, అది చదివేవాడి పరిస్థితి వేరు. మిగతా పది ఒకే పేజీలో ఉన్నా నష్టంలేదు.

ఇక నాకు ఎదురైన ఒక దెబ్బ చెప్తాను, మీకూ సరిగ్గా ఇదే జరిగే అవకాశం ఉంది. గతంలో నేను పనిచేసిన ఒక చోట, ఇలాగే పైథాన్ టూల్‌కు పేజీ ఆటోమేటిక్‌గా తయారయ్యేది. డిఫాల్ట్ విలువలు కూడా కనిపించాలని ఆర్గ్‌పార్స్‌లోని డిఫాల్ట్‌లు చూపించే ఫార్మాటర్ వాడాం. కాన్ఫిగ్ ఫైల్ డిఫాల్ట్ దారిని కోడ్ హోమ్ డైరెక్టరీ నుంచి లెక్కగట్టేది. ఆ రిలీజ్‌ను ఒక సహోద్యోగి తన లాప్‌టాప్ మీద బిల్డ్ చేశాడు. అంతే, పేజీలో డిఫాల్ట్ అంటూ అతని లాగిన్ పేరుతో సహా హోమ్ డైరెక్టరీ దారి అచ్చయింది. ఆ పేజీ చదివిన క్లయింట్ అడ్మిన్ అదే నిజమనుకుని, ఆ దారిలో ఫోల్డర్ సృష్టించి, అందులో కాన్ఫిగ్ పెట్టాడు. టూల్ దాన్ని ఎప్పుడూ చదవలేదు, డిఫాల్ట్‌లతోనే నడిచింది, బ్యాకప్‌లు వేరే డిస్క్ మీదికి పోయాయి. మూడు వారాలు ఎవరికీ తెలియలేదు. డేటా పోలేదు కానీ ఆ అడ్మిన్ ఫోన్‌లో అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది, పేజీలో ఉన్నదే చేశాను కదండీ అన్నాడు. అతని మాటలో తప్పేముంది?

కాబట్టి బిల్డ్ చేసే మెషిన్‌ను బట్టి మారే డిఫాల్ట్‌లు ఏమున్నాయో కోడ్‌లో వెతకండి. హోమ్ దారి, టెంప్ ఫోల్డర్, హోస్ట్ పేరు, ఈరోజు తేదీ, సీపీయూ కోర్‌ల సంఖ్య. సమాంతరంగా ఎన్ని పనులు నడపాలనే ఆప్షన్‌కు డిఫాల్ట్ 16 అని పేజీలో కనిపిస్తే అది బిల్డ్ సర్వర్‌లో ఉన్న కోర్‌ల లెక్క, చదివేవాడిది కాదు. ఇలాంటివాటికి పార్సర్‌లో డిఫాల్ట్ ఖాళీగా వదిలేసి, అసలు విలువను ఆ తర్వాత కోడ్‌లో నింపండి. వివరణలో మాత్రం మాటల్లో రాయండి: మీ హోమ్ కింద కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఫలానా ఫైల్, మెషిన్‌లో ఎన్ని కోర్‌లుంటే అన్ని, ఇలా. పేజీ పైన వచ్చే తేదీ సంగతి కూడా అంతే. సోర్స్ డేట్ ఎపాక్ అనే వేరియబుల్ ఉంటే హెల్ప్2మ్యాన్, కోబ్రా లాంటివి ఇవాళ్టి తేదీ బదులు అందులోని తేదీ వాడతాయి, డెబియన్ బిల్డ్ పద్ధతి ఆ వేరియబుల్‌ను చేంజ్‌లాగ్ తేదీ నుంచి తనే పెడుతుంది. ఎవరు ఎప్పుడు బిల్డ్ చేసినా ఒక్క బైట్ తేడా లేకుండా అదే ప్యాకేజీ రావాలని డెబియన్ వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడుతున్నారు, మన పేజీ దాన్ని పాడుచేయకూడదు.

ఇప్పుడు చేత్తో రాయాల్సిన భాగం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దయచేసి దీన్ని దాటేయకండి.

మొదటి యూనిక్స్ మాన్యువల్ 1971 నవంబర్ 3 తేదీతో వచ్చింది, కెన్ థామ్సన్, డెనిస్ రిచీ రాశారు. పేరు, సినాప్సిస్, వివరణ, వాడే ఫైళ్లు, ఇవి కూడా చూడండి, డయాగ్నస్టిక్స్, బగ్స్ అనే విభజన అప్పుడే ఉంది. అందులో ఆప్షన్ల జాబితా అనే విడి సెక్షన్ లేదు, వివరణలోనే చెప్పేసేవారు. ప్రోగ్రామ్ ఏ ఫైళ్లను ముట్టుకుంటుంది, ఏం తప్పు జరిగితే ఏం చెబుతుంది, ఎక్కడ నమ్మకూడదు అన్న వాటికి మాత్రం విడి చోటు ఇచ్చారు. ఇవాళ మన జనరేటర్లు ఇచ్చేది సరిగ్గా దీనికి తిరగేసి ఉంది, ఆప్షన్లు అన్నీ ఉంటాయి, మిగతావేవీ ఉండవు. వాటి తప్పు కాదు, పార్సర్‌లో ఆ సమాచారమే లేదు.

వాటిలో ఎగ్జిట్ స్టేటస్, అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్, మొదటిది. మీ టూల్‌ను మనిషి నడిపేది తక్కువ, టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్ నడిపేది ఎక్కువ. క్రాన్ స్క్రిప్ట్ రాసేవాడికి కావాల్సింది ఏ నంబర్‌కు ఏమని అర్థం అన్నది. గ్రెప్ పేజీ చూడండి: దొరికితే 0, దొరక్కపోతే 1, తప్పు జరిగితే 2. ఆ మాట రాసి ఉండబట్టే వేలాది స్క్రిప్ట్‌లు దాని మీద నడుస్తున్నాయి. ఆర్‌సింక్ ఇంకా బాగా చేసింది, కోడ్ 23 అంటే కొన్ని ఫైళ్లు పూర్తిగా వెళ్లలేదు, 24 అంటే కాపీ మొదలయ్యాక కొన్ని సోర్స్ ఫైళ్లు మాయమయ్యాయి అని విడివిడిగా చెబుతుంది. నడుస్తున్న సర్వర్‌ను బ్యాకప్ తీసేటప్పుడు 24 రావడం మామూలే, 23 వస్తే మాత్రం లేచి చూడాలి. ఈ రెండింటి తేడా మ్యాన్ పేజీలో లేకపోతే ఏ స్క్రిప్టూ సరిగ్గా రాయలేం. మీ టూల్‌లో బ్యాకప్‌కు కొత్తగా ఏమీ లేదు అన్నప్పుడు ఏ కోడ్ వస్తుంది? తప్పు ఆప్షన్ ఇస్తే ఆర్గ్‌పార్స్ తనే 2తో బయటికి వస్తుంది, మీ కోడ్‌లో ఇంకెక్కడైనా 2ను వేరే అర్థంతో వాడారా? ఈ సెక్షన్ రాయడానికి కూర్చుంటేనే ఇవి బయటపడతాయి, నా అనుభవంలో ప్రతి టూల్‌లోనూ కనీసం ఒక గందరగోళం దొరికింది.

తర్వాత ఫైల్స్, ఎన్విరాన్‌మెంట్ సెక్షన్లు. ఏ కాన్ఫిగ్ ఫైల్ ముందు చదువుతుంది, రెండూ ఉంటే ఏది గెలుస్తుంది, లాక్ ఫైల్ ఎక్కడ పెడుతుంది, ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే ఆ లాక్‌ను చేత్తో తీసేయొచ్చా. లాక్ సంగతి తప్పకుండా రాయండి, బ్యాకప్ టూల్స్‌లో రాత్రిపూట వచ్చే టెన్షన్‌లో చాలా భాగం దాని దగ్గరే. పాస్‌వర్డ్‌ను ఏ వేరియబుల్ నుంచి తీసుకుంటుందో కూడా చెప్పండి.

ఉదాహరణలు మూడు చాలు, నాలుగైనా పర్వాలేదు. ఒక్కో ఆప్షన్‌కు ఒక ఉదాహరణ కాదు, ఒక్కో పనికి ఒకటి. రోజూ బ్యాకప్ తీయడం, ఒక్క ఫైల్‌ను మొన్నటి స్నాప్‌షాట్ నుంచి వెనక్కి తేవడం, మెషిన్ మొత్తం పోతే కొత్త మెషిన్ మీద అంతా తేవడం. మూడోది రాసేటప్పుడు నిజంగా ఒక ఖాళీ వర్చువల్ మెషిన్ తీసుకుని ఆ కమాండ్‌లు నడిపి, పనిచేసినవే పేజీలో పెట్టండి.

వీటిని ఎలా చేర్చాలంటే, హెల్ప్2మ్యాన్‌లో ఇంక్లూడ్ అనే ఆప్షన్‌కు ఒక ఫైల్ ఇస్తారు. ఆ ఫైల్‌లో చదరపు బ్రాకెట్లలో సెక్షన్ పేరు, దాని కింద మీ రాత ఉంటుంది. జనరేటర్ తను రాసిన పేజీలో వాటిని తగిన చోట చేరుస్తుంది. కోర్‌యుటిల్స్ సోర్స్‌లో మ్యాన్ ఫోల్డర్ తెరిస్తే ప్రతి కమాండ్‌కూ ఇలాంటి చిన్న ఫైల్ కనిపిస్తుంది, ఒకటి రెండు చూస్తే పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. ఆర్గ్‌పార్స్-మ్యాన్‌పేజ్ వాడినా ఇలా చేత్తో రాసిన ముక్కలను విడి ఫైల్‌లో ఉంచి చివర్లో కలపడమే పద్ధతి. తయారైన పేజీని తెరిచి చేత్తో దిద్దడం మాత్రం వద్దు, ఒక్కసారి కూడా వద్దు. తర్వాతి రిలీజ్‌లో ఆ దిద్దుబాటు పోతుంది, పోయిందని ఎవరికీ తెలియదు.

ఇంక్లూడ్ ఫైల్‌లో రాసేది నేరుగా రోఫ్ అన్నది మర్చిపోకండి. రోఫ్ మొత్తం నేర్చుకోనక్కర్లేదు, మూడు సంగతులు చాలు. మొదటిది, వరుస చుక్కతో గానీ సింగిల్ కోట్‌తో గానీ మొదలైతే రోఫ్ దాన్ని ఆజ్ఞ అనుకుంటుంది. చుక్కతో పేరు మొదలయ్యే దాచిన కాన్ఫిగ్ ఫైల్ పేరు పొరపాటున వరుస మొదట్లో పడిందంటే ఆ వరుస పేజీలోంచి పూర్తిగా మాయమవుతుంది, ఎర్రర్ కూడా రాదు. దాని ముందు \& పెడితే సరిపోతుంది. రెండోది, బ్యాక్‌స్లాష్ కావాలంటే \e అని రాయాలి. మూడోది, ఆప్షన్ల ముందు గీత. రోఫ్‌లో ఉత్త గీత అంటే మాటలను కలిపే హైఫన్, కమాండ్‌లో కొట్టే మైనస్ కావాలంటే \- అని రాయాలి. చాలా ఏళ్లు రెండూ టెర్మినల్‌లో ఒకేలా కనిపించాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రోఫ్‌ను చదివి తెరమీద చూపించే గ్నూ ప్రోగ్రామ్ గ్రాఫ్ (groff), 2023లో వచ్చిన 1.23 వెర్షన్‌లో మాత్రం రెండింటికీ వేర్వేరు యూనికోడ్ అక్షరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో పేజీలోని ఉదాహరణను కాపీ చేసి అతికిస్తే కమాండ్ దాన్ని ఆప్షన్‌గా గుర్తించని పరిస్థితి వచ్చింది. డెబియన్ తన కాన్ఫిగరేషన్‌లో పాత పద్ధతినే ఉంచింది కాబట్టి మీ మెషిన్ మీద తేడా కనిపించకపోవచ్చు, వేరే డిస్ట్రోలో కనిపిస్తుంది. జనరేటర్లు తమ వంతు భాగంలో ఇది సరిగ్గానే చేస్తాయి, చేత్తో రాసిన ఉదాహరణల్లోనే తప్పు దొర్లుతుంది.

రోఫ్ అంటే అసలు ఇష్టం లేకపోతే చేత్తో రాసే భాగాన్ని మార్క్‌డౌన్‌లో రాసి పాన్‌డాక్‌తో మార్చుకోవచ్చు, లేదా ఎస్‌సీడాక్ అని దీనికోసమే చేసిన చిన్న టూల్ ఉంది. పాన్‌డాక్ బిల్డ్‌కు చాలా పెద్ద డిపెండెన్సీ, ఒక్క పేజీ కోసం దాన్ని లాగడం నాకు నచ్చదు.

తయారయ్యాక పేజీని పరీక్షించే పని కూడా బిల్డ్‌లోనే పెట్టండి. మ్యాన్‌డాక్ టూల్‌లో లింట్ అనే అవుట్‌పుట్ రకం ఉంది, అది తప్పులన్నీ వరుస నంబర్లతో చెబుతుంది, కొన్ని మరీ చాదస్తంగా అనిపిస్తాయి, వాటిని వదిలేయొచ్చు. గ్రాఫ్ హెచ్చరికలు కూడా ఒకసారి చూడండి. పేజీ నిర్మాణం సరిగ్గా ఉండడం మనుషుల కోసమే కాదు: ఫిష్ షెల్ సిస్టమ్‌లో ఉన్న మ్యాన్ పేజీలను చదివి వాటి నుంచే ట్యాబ్ కంప్లీషన్‌లు తయారు చేసుకుంటుంది, ఆప్షన్ల సెక్షన్ చెదిరితే అదీ చెదురుతుంది.

ఆటోమేటిక్ పద్ధతే వద్దనే వాదన కూడా ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. గిట్ పేజీలన్నీ ఆస్కీడాక్‌లో మనుషులు రాసినవే, ఆప్షన్ల వివరణలతో సహా. అందుకే వాటిలో ఒక్కో ఆప్షన్‌కు పేరాలకు పేరాలు ఉంటాయి, హెల్ప్‌లో అంత పట్టదు. కానీ అక్కడ రాసేవాళ్లు, రివ్యూ చేసేవాళ్లు చాలామంది. అంతేకాదు, పేజీలోని సినాప్సిస్‌కూ, కమాండ్ ఇచ్చే పొట్టి హెల్ప్‌కూ తేడా ఉందేమో చూసే టెస్ట్ కూడా వాళ్ల టెస్ట్‌లలో ఉంది. మీ టీమ్‌లో ముగ్గురే అన్నారు. చేత్తో మొత్తం రాస్తే రెండు రిలీజ్‌ల తర్వాత కొత్త ఆప్షన్ పేజీలోకి రాదు, తీసేసిన ఆప్షన్ పేజీలో మిగిలిపోతుంది. అందుకే జాబితా యంత్రానికి వదలమన్నాను. గిట్ దగ్గర నుంచి మీరు తీసుకోవాల్సింది ఆ టెస్ట్ ఆలోచన: చేత్తో రాసిన ముక్కల్లో కనిపించే ప్రతి ఆప్షన్ పేరూ పార్సర్‌లో నిజంగా ఉందో లేదో చూసే పది వరుసల టెస్ట్ రాసి పెట్టండి. ఉదాహరణల్లో పాత ఆప్షన్ మిగిలిపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది.

మీ డెబియన్ వైపు పని చాలా కొద్దిగా ఉంది. డెబియన్ పాలసీ 12వ అధ్యాయం ప్రతి ప్రోగ్రామ్‌కూ మ్యాన్ పేజీ ఉండాలంటుంది, అది అదే ప్యాకేజీలో గానీ దాని డిపెండెన్సీలో గానీ రావాలి. పేజీ తయారుచేసే కమాండ్‌ను రూల్స్ ఫైల్‌లో బిల్డ్ తర్వాత, ఇన్‌స్టాల్‌కు ముందు పెట్టండి, ఫైల్ పేరును మ్యాన్‌పేజెస్ ఫైల్‌లో రాయండి, కంప్రెస్ చేయడం, సరైన ఫోల్డర్‌లో పెట్టడం డెబ్‌హెల్పర్ చూసుకుంటుంది. ఆర్గ్‌పార్స్-మ్యాన్‌పేజ్‌ను బిల్డ్ డిపెండెన్సీల్లో చేర్చడం మర్చిపోకండి. మీ పార్సర్ ఫైల్ పైన ఇంపోర్ట్ చేసే లైబ్రరీలన్నీ కూడా బిల్డ్ డిపెండెన్సీలే అవుతాయి, ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే లాప్‌టాప్ మీద అన్నీ ఉంటాయి, శుభ్రమైన బిల్డ్ వాతావరణంలో ఉండవు. బరువైన ఇంపోర్ట్‌లను సబ్‌కమాండ్ ఫంక్షన్ల లోపలికి జరిపితే ఈ సమస్య చాలావరకు పోతుంది, పైగా హెల్ప్ కూడా త్వరగా వస్తుంది.

మొదట పార్సర్‌ను విడి ఫంక్షన్‌లోకి తీయండి, ఆ తర్వాత ఎగ్జిట్ స్టేటస్ సెక్షన్ రాయండి, మిగతావి ఆ వరుసలో వస్తాయి. రిస్టోర్ పేజీ డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.